ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం, తొందరపాటు ఉండే సమస్య) తేల్చాలంటే కంప్యూటర్ టెస్టా, కూర్చోబెట్టి అడగడమా? ఏది మేలు?

నన్నడిగితే అడగడమే మేలు, అంటే చిన్నప్పటి సంగతులన్నీ అడిగి, ఇంట్లోవాళ్లతోనూ టీచర్లతోనూ రేటింగ్ స్కేల్ (ఏ లక్షణం ఎంత తరచుగా కనపడుతుందో మార్కులేసే ప్రశ్నల పత్రం) నింపించడం. అలాగని టెస్టు దండగ అనను, దాని పని వేరు.

టెస్టుల్లో ఎక్కువమంది వినేది సీపీటీ, కంటిన్యూయస్ పర్ఫార్మెన్స్ టెస్ట్. 1956లో మెదడు దెబ్బతిన్నవాళ్ల కోసం వచ్చింది. స్క్రీన్ మీద అక్షరాలు వస్తూనే ఉంటాయి, చెప్పిన అక్షరం కనపడితేనే బటన్ నొక్కాలి. నొక్కాల్సింది వదిలేస్తే ధ్యాస జారినట్టు, నొక్కకూడనప్పుడు నొక్కేస్తే చెయ్యి ఆపుకోలేకపోయినట్టు లెక్క. నాకైతే ఇందులో అసలైన విషయం ఇంకోటి, రియాక్షన్ టైమ్‌లో ఎగుడుదిగుడు. ఒకసారి టక్కున నొక్కుతారు, ఇంకోసారి బాగా ఆలస్యం, మళ్లీ టక్కున. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లలో ఇది పదేపదే స్టడీల్లో బయటపడింది, "నిన్న చేశావుగా, ఇవాళేమైంది" అని తిట్లు తినే పిల్లల్ని తలుచుకుంటే ఇది నాకు చాలా ముఖ్యంగా అనిపిస్తుంది.

మరి టెస్టుతోనే తేల్చేయొచ్చుగా అంటే, కుదరదు. 2005లో విల్‌కట్ అనే పరిశోధకుడి బృందం 83 స్టడీలు కలిపి చూస్తే తొందరపాటు ఆపుకోవడం, వర్కింగ్ మెమరీ (విన్నది కాసేపు మనసులో పెట్టుకుని వాడుకోవడం), ప్లానింగ్, నిలకడగా గమనించడం, వీటిలో ఏడీహెచ్‌డీ గ్రూపు వెనకబడే ఉంది, కానీ అది గ్రూపు సగటు. ఒక్కొక్కరిగా చూస్తే ఏ ఒక్క టెస్టు తీసుకున్నా అందులో బాగానే చేసేవాళ్లు బోలెడంత మంది. పైగా నిద్ర చాలకపోయినా, యాంగ్జైటీ ఉన్నా, డిప్రెషన్‌లో ఉన్నా స్కోరు పడిపోతుంది.

ఇంకో సంగతి, టెస్టు గది నిశ్శబ్దంగా ఉంటుంది, ఏం చెయ్యాలో ముందే చెప్తారు, పక్కన ఒకరు కూర్చుంటారు, కాసేపట్లో అయిపోతుంది. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లకి కావలసిన సాయమంతా అక్కడే దొరికేస్తుంది కదా! బయట అలా కాదు, ఏది ముందు చెయ్యాలో తనే తేల్చుకోవాలి, విసుగొచ్చినా మొదలెట్టాలి, ఫలితం ఎప్పుడో నెలల తర్వాత. టోప్లాక్, వెస్ట్, స్టానోవిచ్ అనే పరిశోధకులు 2013లో ఆపుకోవడం, ప్లానింగ్ లాంటి వాటి మీద టెస్టు స్కోర్లనీ రేటింగ్ స్కేళ్లనీ పోల్చి చూస్తే, రెండిటి మధ్య సహసంబంధం (పూర్తిగా కలిస్తే 1, అసలు కలవకపోతే 0) మీడియన్ 0.19 మాత్రమే వచ్చింది. అంటే రెండూ కొలిచేది ఒకటి కాదన్నమాట, అందుకే టెస్టు బాగా చేశాడు కాబట్టి ఏడీహెచ్‌డీ లేదు అని పంపించేస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

రేటింగ్ స్కేల్‌కీ లోపాలున్నాయి. అమ్మ ఒకటంటుంది, టీచర్ ఇంకోటంటారు, అల్లరి చెయ్యకుండా పరధ్యానంగా కూర్చునే అమ్మాయిలు ఎవరి కంటా పడరు. అయినా డీఎస్ఎం-5 (మానసిక సమస్యల్ని తేల్చడానికి డాక్టర్లు వాడే అమెరికన్ మాన్యువల్) అడిగేవి, 12 ఏళ్లలోపే లక్షణాలు కనపడ్డాయా, కనీసం రెండు చోట్ల ఉన్నాయా, రోజువారీ పనులు దెబ్బతింటున్నాయా, వీటికి ఏ కంప్యూటరూ జవాబు చెప్పలేదు.

తేలాక మాత్రం టెస్టు రిపోర్టు తప్పకుండా చూడండి. వర్కింగ్ మెమరీ తక్కువని ఉంటే నాలుగు పనులు ఒకేసారి నోటితో చెప్పకుండా ఒక్కోటి రాసివ్వండి, వర్కింగ్ మెమరీ బాగానే ఉండి ఆపుకోవడమే కష్టమైతే రాసివ్వడం ఒక్కటే చాలకపోవచ్చు, అక్కడ వెంటనే దొరికే చిన్న మెప్పు కూడా వాడి చూడండి.