మా ఆడగుర్రానికి తబేలా వెతుకుతూ నాందేడ్ జిల్లాలో

మా నాందేడ్ జిల్లాలో గుర్రం కొనడానికి పెద్దగా తిరగనక్కర్లేదు. ఏటా మార్గశిరంలో లోహా దగ్గర మాళేగావ్‌లో ఖండోబా జాతర జరుగుతుంది. గుర్రాలు, గాడిదలు, ఒంటెలు, ఎడ్లు అన్నీ అక్కడికే అమ్మకానికి వస్తాయి. కొన్న గుర్రాన్ని నెలకింత అని తీసుకుని నమ్మకంగా చూసిపెట్టే చోటు దొరకడమే గగనం. నాకు ధర్మాబాద్ నుంచి హైదరాబాద్‌కు బదిలీ కావడంతో ఆ వెతుకులాట నెత్తిన పడింది. హైదరాబాద్ శివార్లలో తబేలాలు, అంటే గుర్రపుశాలలు ఉన్నాయి, నిజమే. కానీ నాన్న ఒప్పుకోలేదు. మోకాళ్ల నొప్పులతో రోజూ నీళ్ల బకెట్లు మోయలేరు గానీ, వారానికోసారి గుర్రాన్ని కళ్లారా చూడకపోతే ఆయనకు తోచదు. కాబట్టి బస్సులో పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేంత దూరంలోనే చూడాలి.

మాది కాఠియావాడీ ఆడగుర్రం. చెవుల కొసలు లోపలికి వంగి ఒకదాన్నొకటి తాకుతుంటాయి. బరువు 350 కిలోల చుట్టుపక్కల. ఒంటి బరువులో నూటికి రెండు పాళ్లు ఎండుమేత అనుకుంటే రోజుకు 7 కిలోలు కావాలి. నీళ్లు మామూలు రోజుల్లోనే పాతిక ముప్పై లీటర్లు తాగుతుంది, మా ఎండల్లో ఇంకా ఎక్కువ. ఈ లెక్క ముందే చేతిలో ఉంటే, ఎవరైనా మరీ తక్కువ రేటు చెప్పినప్పుడు కోత ఎక్కడ పడుతుందో ఇట్టే తెలిసిపోతుంది.

బామ్మర్ది బండి తీశాడు. మొదట నాందేడ్ ఊళ్లోకే వెళ్లాం. పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు పంపే పాత తబేలా ఒకటి ఉందని ఎవరో చెప్పారు. ఇరుకు సందు, రేకుల షెడ్డు. గుర్రాలకు ముందు కాళ్లకీ వెనక కాళ్లకీ అగాడీ పిఛాడీ తాళ్లు. పనితనానికి మాత్రం వంక పెట్టలేం. అక్కడి సైస్, అంటే గుర్రాల్ని చూసుకునే పనివాడు, మా కళ్ల ముందే ఒక మగగుర్రం గిట్ట ఎత్తి, మడమ సందులో మట్టి తీసి, వాసన చూసి, పసుపు నూనె రాశాడు. అంత సులువుగా గిట్ట పట్టేవాణ్ని ఈ చుట్టుపక్కల నేను చూడలేదు. అయితే నేను మోకాళ్ల మీద కూర్చుని నేల దగ్గర గాలి పీల్చేసరికి కళ్లు మండాయి. మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా నేల దగ్గరే ఘాటుగా ఉంటుంది. గుర్రం నిలబడి కునుకు తీసినా, గాఢంగా నిద్రపోవాలంటే పడుకోవాల్సిందే. అప్పుడు దాని ముక్కు ఉండేది అక్కడే. నిలబడి చూసి "బాగానే ఉంది" అనుకుని వచ్చేస్తే ఈ సంగతి బయటపడదు.

యజమాని చాలా మర్యాదస్తుడు. చాయ్ తెప్పించి, "ఊరికే నిలబెట్టడం ఎందుకు సాబ్, సీజన్‌లో నాలుగు పెళ్లిళ్లకు పంపితే మీ మేత ఖర్చు మీకే మిగులుతుంది" అన్నాడు. డీజే చప్పుడులో, టపాకాయల మధ్య మా గుర్రాన్ని ఊహించుకోవడం కూడా ఇష్టం లేక చాయ్ తాగి లేచాం.

నాందేడ్ దాకా వచ్చాం కదా అని హుజూర్ సాహిబ్ గురుద్వారాకు కూడా వెళ్లాం. 1708లో గురు గోవింద్ సింగ్ కన్నుమూసిన చోటు అది. అక్కడి గుర్రాలు గురువు గారి గుర్రం వంశానివని భక్తుల నమ్మకం. దసరాకు, హోలీ సమయంలో సిక్కులు జరిపే హోలా పండుగకు ఊరేగింపులో నడుస్తాయి. అది డబ్బు కట్టి గుర్రాన్ని వదిలి వచ్చే చోటు కాదు. ఈ జిల్లాలో గుర్రానికి అంత గౌరవం దక్కే తావు ఒకటుందని నాన్నకు చూపించాలనే తీసుకెళ్లాను. ఆయన అక్కణ్నుంచి ఒక పట్టాన కదల్లేదు.

తర్వాతి చోటు దేగ్లూర్ వైపు, 161వ నంబరు జాతీయ రహదారికి కాస్త లోపలగా. ఫామ్‌హౌస్, పక్కనే గుర్రపు స్వారీ నేర్పే మైదానం. బామ్మర్ది గేటు దగ్గరే మనసు పారేసుకున్నాడు. "బావా, ఇదే ఖాయం చేసేద్దాం" అన్నాడు. పన్నెండడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు గదులు, ప్రతి గదిలో ఫ్యాను, ఫోన్‌లో చూసుకోవడానికి కెమెరా. రేటు నాందేడ్ తబేలాకు రెట్టింపు పైనే. గదుల కొలత సరైనదే, గాలి ఆడుతోంది, అమ్మోనియా వాసన లేదు. నేల మాత్రం నున్నటి టైల్స్. తడిస్తే గిట్ట జారుతుంది, లాడం కొట్టి ఉంటే మరీనూ. మేత గదిలో గడ్డి మోపు ఒకటి విప్పి మధ్యలో చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది, బూజు వాసన కూడా. గుర్రానికి వాంతి చేసుకునే వీలు లేదు. లోపలికి పోయిన బూజు మేత కడుపునొప్పి తెచ్చి ప్రాణం మీదికి తేవచ్చు. "రాత్రి ఎవరుంటారు?" అని అడిగితే వాచ్‌మన్ ఉంటాడన్నారు. ఆ వాచ్‌మన్ గుర్రాన్ని ముట్టుకోవడానికే భయపడుతున్నాడు.

అయినా నన్ను వెనక్కి లాగింది ఇవేవీ కావు. అడ్వాన్స్ ఎంతో చెప్పారు, అకౌంట్ నంబర్ ఇచ్చారు. మా గుర్రానికి గ్లాండర్స్ అనే అంటుజబ్బు పరీక్ష చేయించారా, ధనుర్వాతం టీకా వేయించారా, నులిపురుగుల మందు ఎప్పుడు పట్టారు అని ఒక్క మాట అడగలేదు. నన్ను అడగనివాళ్లు పక్క గదిలో గుర్రం యజమానిని మాత్రం అడిగి ఉంటారా? గ్లాండర్స్‌కు టీకా లేదు, మనుషులకూ సోకుతుంది. పరీక్షలో ఉందని తేలితే చట్టం ప్రకారం ఆ గుర్రాన్ని చంపేయాల్సిందే. ఇలాంటి జబ్బు విషయంలో కెమెరా ఏం చేస్తుంది? బామ్మర్ది దారి పొడుగునా గొణుగుతూనే ఉన్నాడు.

బిలోలి వైపు చోటు గురించి చెప్పింది ధర్మాబాద్ మిర్చి మార్కెట్‌లో నాన్న పాత దోస్తు. మంజీర ఒడ్డుకు కాస్త ఎగువన ఒక తెలుగు రైతు పొలం. పేరుకు తబేలా అని బోర్డు కూడా లేదు. ఆయన తమ్ముడు చాలా ఏళ్లు హైదరాబాద్‌లో సైస్‌గా చేసి ఊరికి తిరిగొచ్చాడు. అన్నదమ్ములిద్దరూ నాలుగైదు గుర్రాల్ని చూసుకుంటున్నారు. నల్లరేగడి నేల కాబట్టి మొరం పోసి ఎత్తు చేశారు. లేకపోతే వానాకాలం గుర్రం బురదలో నిలబడి గిట్టలు మెత్తబడి కుళ్లుతాయి. షెడ్డు ముందు వేపచెట్లు, కంచె వేసిన ఖాళీ జాగా. పగలంతా గుర్రాలు తాడు లేకుండా అందులోనే తిరుగుతాయి.

మేం అడగడం మొదలుపెట్టే లోపే ఆ తమ్ముడు మమ్మల్ని అడగడం మొదలుపెట్టాడు. ఏ వేళకు తింటుంది, లద్దె గట్టిగా వేస్తుందా పలచగా వేస్తుందా, ఇదివరకు కడుపునొప్పి వచ్చిందా, లాడాలు ఎప్పుడు కొట్టించారు, పక్క గుర్రాన్ని కరుస్తుందా. పరీక్ష కాగితం చూపించనిదే మిగతా గుర్రాలతో కలపనని, చూపించినా రెండు వారాలు వేరే కట్టేస్తానని చెప్పాడు. "మీరు పెట్టే మేతే ఒక బస్తా తెచ్చిపెట్టండి పటేలా, పది రోజుల్లో మెల్లగా మా మేతకు మారుస్తా" అన్నాడు. పక్క చేలో పచ్చగా ఊగుతున్న లేత జొన్న చూసి అది కూడా వేస్తారా అని అడిగాను. "నాము పట్టే పైరు పశువులకే వెయ్యం, గుర్రానికి వేస్తామా?" అని నవ్వాడు. నాము అంటే లేత జొన్నలో ఉండే విషం. బాగా ఎండిన చొప్ప, గోధుమ తవుడు, నానబెట్టిన ఉలవలు, దొరికినప్పుడు లూసర్న్ పచ్చిమేత. ఇదీ వాళ్ల మెనూ.

లోపాలు లేవని కాదు. పక్కనే బర్రెల పాక ఉంది, దాంతో జోరీగలు. రక్తం పీల్చే ఆ ఈగలే సర్రా జబ్బును ఒక పశువు నుంచి ఇంకొకదానికి మోస్తాయి. ఫోన్ సిగ్నల్ వేపచెట్టు కింద తప్ప ఎక్కడా అందదు. ఫోటోలు పంపమంటే "ఆదివారం మా మేనల్లుడు వస్తే పంపిస్తాడులే" అంటాడు ఆ తమ్ముడు. చూడ్డానికి వెళ్లిన ఆడవాళ్లకు బాత్‌రూమ్ లేదు. దీని మీద నా భార్య ఇప్పటికీ కోపంగానే ఉంది, ఆమె కోపంలో తప్పు లేదు. ఉద్గీర్‌లో పశువైద్య కళాశాల ఉంది కాబట్టి పెద్ద జబ్బు చేస్తే అక్కడికి తీసుకెళ్లొచ్చు. అత్యవసరమైతే 1962కు ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ వస్తుంది. అదీ చెట్టు కిందికి వెళ్లే చెయ్యాలి.

రేటు నాందేడ్ తబేలా కంటే కాస్త ఎక్కువ, ఫామ్‌హౌస్ కంటే బాగా తక్కువ. మేత, నీళ్లు, మాలీసు (ఒళ్లు రుద్ది శుభ్రం చేయడం) వాళ్లవి. లాడాలు, మందులు, డాక్టర్ ఖర్చు మావి. కాగితం రాసుకుందాం అంటే పెద్దాయన ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "మాట చాలదా?" అన్నాడు. నాన్నే కలగజేసుకుని, డబ్బు గురించి కాదు, రాత్రి పన్నెండుకు గుర్రం కడుపునొప్పితో పొర్లుతుంటే నాకు ఫోన్ కలవకపోతే మీరే డాక్టర్‌ని పిలవడానికి అనుమతి కావాలి కదా అని సర్దిచెప్పారు. అప్పుడు సంతకం పెట్టాడు. ఆ కాగితంలో ఇంకా మూడు విషయాలు రాయించాం: మా మాట లేకుండా ఎవరూ ఎక్కకూడదు, ఊరేగింపులకు పంపకూడదు, ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్టలు చెక్కించాలి.

తరలించేటప్పుడు డాక్టర్ దగ్గర ప్రయాణానికి తగినదని సర్టిఫికెట్ తీసుకున్నాం. టెంపోలో జారకుండా ఇసుక, పైన గడ్డి పరిచి, తెల్లవారుజామున చల్లగా ఉండగానే గోదావరి దాటి కుండల్వాడి మీదుగా తీసుకెళ్లాం. ఈగల సంగతి మాత్రం తేలలేదు. వానలు పడేలోపు బర్రెల పాకను పొలం అవతలి గట్టుకు మారుస్తామన్నారు, మేం షెడ్డుకు దోమతెర ఖర్చులో సగం ఇస్తామన్నాం. శ్రావణం నాటికి పాక అక్కడే ఉంటే మళ్లీ బండి తీయమని బామ్మర్దికి ముందే చెప్పి ఉంచాను.