రాతి ఉలికి ఏది మేలు: కార్బన్ ఉక్కా, కమాను పట్టా?

చేత్తో రాతిలో బెజ్జం వేసే ఉలిని కొత్త కార్బన్ ఉక్కు కడ్డీతో చేయించాలా, లేక పాత లారీ కమాను పట్టాతో సరిపెట్టుకోవాలా అని తరచుగా అడుగుతున్నారు. వజ్రపు తీగ రంపాలూ, టంగ్‌స్టన్ కార్బైడ్ మొన గల జాక్‌హామర్ రాడ్లూ వచ్చిన చీమకుర్తి గ్రానైటు క్వారీల వంటి చోట్ల ఈ ప్రశ్నకు పెద్దగా తావు లేదు. వరుసగా బెజ్జాలు వేసి, చీలలు దిగ్గొట్టి బండను చీల్చే చిన్న పనులకే ఇది వర్తిస్తుంది.

0.8 శాతం కార్బన్ ఉన్న ఉక్కూ, 0.5 నుంచి 0.6 శాతం కార్బన్‌తో పాటు రెండు శాతం దాకా సిలికాన్ ఉండే కమాను ఉక్కూ గ్రానైటుకు చాలినంత గట్టిపడతాయి. అయితే గ్రానైటులోని పలుగురాయి ఎంత మంచి మొననైనా త్వరగా అరగదీస్తుంది కాబట్టి, మొద్దుబారిన ప్రతిసారీ ఉలిని ఊరి కొలిమిలో మళ్లీ కాచి, సాగగొట్టి, సరిగ్గా పాయనం పెట్టగలమా (అంటే కాచి, ముంచి గట్టిపరచగలమా) అన్నదే నా దృష్టిలో అసలు ప్రశ్న.

ఇక్కడ కార్బన్ ఉక్కుకు అయస్కాంతం తోడుంటుంది. ఎర్రగా కాగిన మొనకు అయస్కాంతం అంటుకోవడం మానేశాక ఇంకాస్త కాచి, 780 నుంచి 800 డిగ్రీల దగ్గర, మొనను రెండంగుళాల మేర నీటిలో ముంచాలి. ముంచినంతసేపూ పైకీ కిందికీ ఆడించకపోతే నీటి గీత దగ్గర పగులు పుడుతుంది. బయటికి తీసి రాయితో రుద్దితే, వెనుక మిగిలిన వేడి మొనవైపు పాకుతూ లేత గడ్డి రంగు, గోధుమ, ఊదా, నీలం వరుసగా కనిపిస్తాయి. గోధుమ రంగు ఊదాలోకి తిరిగే వేళ, అంటే సుమారు 260 డిగ్రీల వద్ద, మళ్లీ ముంచితే గ్రానైటుకు తగిన మొన సిద్ధమవుతుంది. పైగా ఈ ఉక్కు పైపొర మాత్రమే గట్టిపడి లోపలి భాగం మెత్తగా ఉండిపోవడం వల్ల దెబ్బకు తట్టుకుంటుంది.

కమాను ఉక్కును అంతకంటే చాలా ఎక్కువగా, 870 డిగ్రీలకు అటూ ఇటూ, కాచాలి. ఆ వేడిని అయస్కాంతం చెప్పలేదు, కంటి అంచనాయే దిక్కు. సిలికాన్ ఉక్కు కొలిమిలో పైపొర కార్బన్‌ను సులువుగా పోగొట్టుకుంటుంది కూడా. ఆ పొరను ప్రతిసారీ సాన మీద తీసేయకపోతే మొన మెత్తగానే ఉంటుంది. పాత పట్టాలో కంటికి కనపడని పగుళ్లూ ఉండవచ్చు. నూనెలో ముంచుతాము కాబట్టి ముంచేటప్పుడు పగిలే భయం తక్కువన్నది మాత్రం దాని నిజమైన మేలు. తాండూరు, కడప బండల వంటి మెత్తని సున్నపురాయి పనికీ, గునపాలకూ నేను దానినే వాడమంటాను. గ్రానైటుకు మాత్రం కార్బన్ ఉక్కే.

ఎన్24 అనే నికెల్, క్రోమియం కలిసిన ఉక్కు దృఢమైనదే కానీ మొన త్వరగా అరుగుతుంది, ధరా ఎక్కువ. ఇంటి స్లాబుకు వాడే కడ్డీలో కార్బన్ 0.3 శాతానికి మించదు కాబట్టి దాని ఊసే వద్దు.

ఏ ఉక్కైనా తలకు పాయనం పెట్టకూడదు. గట్టిపడిన తల సమ్మెట దెబ్బకు పెచ్చులుగా లేచి కంట్లో పడుతుంది. మెత్తని తల పువ్వులా విచ్చుకుంటే ఆ అంచును ఎప్పటికప్పుడు సాన మీద తీసేయాలి.