అరవై మంది ఉన్న సెక్షన్‌లో జీడీయా, జంట పనా: ఏది మేలు?

విజయవాడ, గుంటూరు ఇంజినీరింగ్ కాలేజీల్లో ఇంగ్లిష్ ల్యాబ్ అనగానే గ్రూప్ డిస్కషన్ (జీడీ) మొదలెట్టేస్తారు. ప్లేస్‌మెంట్లలో అడుగుతారు కదా అంటారు. నిజమే, కానీ మొదటి సెమిస్టర్‌కి ఇద్దరిద్దరుగా మాట్లాడుకునే జంట పనులే మేలు.

లెక్క చూడండి. పదిమంది జీడీకి పదిహేను నిమిషాలిస్తే, సమానంగా పంచినా తలకు నిమిషంన్నర. అదీ దక్కదు. ఇద్దరు ముగ్గురు దున్నేస్తారు, తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు తలూపుతూ కూర్చుంటారు. పది నిమిషాల జంట పనిలో ఒక్కొక్కరికీ దాదాపు ఐదు నిమిషాలు. పైగా తప్పు మాట్లాడినా వినేది ఒక్కరే, జంకు తగ్గుతుంది.

అయితే ఊరికే ‘మాట్లాడుకోండి’ అంటే రెండు నిమిషాల్లో తెలుగులోకి దిగిపోతారు. ఒకరికి తెలిసింది రెండోవాళ్లకు తెలియకూడదు. విజయవాడ మ్యాపు రెండు కాపీలు తీసి, ఒకదాంట్లో బీసెంట్ రోడ్డు, రైల్వే స్టేషన్ పేర్లు, ఇంకోదాంట్లో బస్టాండు, ప్రకాశం బ్యారేజీ పేర్లు చెరిపెయ్యండి. గుంటూరులోనైతే మిర్చి ధరల పట్టిక పెట్టొచ్చు: ఒకరి కాగితంలో తేజ రకం ధర ఖాళీ, మరొకరి దాంట్లో బాడిగ రకం ధర ఖాళీ. అడిగి నింపుకోవాల్సిందే. కాగితాలు చూపించేసుకుంటారు కాబట్టి మధ్యలో బ్యాగు నిలబెట్టించండి. తెలుగులోకి జారేది చాలాసార్లు బద్ధకంతో కాదు, అడగడానికి వాక్యం లేక. ‘కుడ్ యు సే దట్ అగైన్?’, ‘డూ యు మీన్ ద లెఫ్ట్ సైడ్?’ లాంటివి నాలుగు ముందే బోర్డు మీద రాసిపెట్టండి.

మధ్యలో ఆపి తప్పులు దిద్దొద్దు. నోరు మూతపడేది అక్కడే. తిరుగుతూ రాసుకుని, చివరి ఐదు నిమిషాల్లో ‘ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్’, ‘డిస్కస్ అబౌట్’ లాంటివి పేర్లు చెప్పకుండా బోర్డెక్కించి, వాళ్లచేతే దిద్దించండి.

రోల్ ప్లే కూడా మంచిదే. కానీ పూర్తి సంభాషణ రాసిస్తే అది బట్టీ పోటీ అయిపోతుంది. వార్డెన్‌కో కార్డు, సెలవు కావాల్సిన విద్యార్థికో కార్డు చాలు. 1971లో అమెరికాలోని ఆస్టిన్‌లో సైకాలజిస్టు ఎలియట్ ఆరన్సన్ మొదలుపెట్టిన జిగ్సా పద్ధతి పాఠం చదివించడానికి బాగుంటుంది: పాఠాన్ని ముక్కలు చేసి పంచితే, ఎవరి ముక్క వాళ్లు చదివి గ్రూపులో మిగతావాళ్లకు చెప్పాలి. కానీ ఒక్కరు రాకపోయినా ఆ గ్రూపు కుంటుపడుతుంది.

జీడీ రెండో సెమిస్టర్‌లో పెట్టండి. ఐదుగురు లోపల కూర్చుని మాట్లాడాలి, ఐదుగురు చుట్టూ కూర్చుని గమనించాలి. ఎనిమిది నిమిషాలయ్యాక స్థానాలు మారాలి. తలా మూడు చీటీలివ్వండి. మాట్లాడిన ప్రతిసారీ ఒకటి మధ్యలో పెట్టాలి, అయిపోయినవాళ్లు మిగతావాళ్ల చీటీలు అయ్యేదాకా ఆగాలి. మార్కులు ఎన్నిసార్లు మాట్లాడారని కాక, పక్కవాళ్ల మాటను అందుకుని పొడిగించినందుకు వెయ్యండి.