చలికాలపు నడకకు ఏది మేలు: అర్మకొండా, దేవమాలా, చింతపల్లి లోయలా?

జనసంచారం అంతగా లేని కొండల్లో, పుష్యమాసపు చలిలో ఒక పూట ప్రశాంతంగా నడవాలనుకునేవారి కోసం తూర్పు కనుమల్లోని మూడు చోట్లను ఇక్కడ పోల్చి చూస్తున్నాను: పాడేరు మన్యంలోని అర్మకొండ, ఒడిశాలోని కొరాపుట్ జిల్లాకు చెందిన దేవమాలి, చింతపల్లి చుట్టుపక్కల ఉన్న కాఫీ తోటల లోయలు. లంబసింగి, వంజంగి అందమైనవే అయినా, సీజన్‌లో అక్కడ తెల్లవారకముందే వాహనాలు బారులు తీరుతాయి కనుక వాటిని ఈ పోలికలో చేర్చలేదు.

ఎత్తులో అర్మకొండ (1,680 మీటర్లు), దేవమాలి (1,672 మీటర్లు) దాదాపు సమానం; చింతపల్లి వాటికి చాలా దిగువన ఉంటుంది. అయితే ఎత్తు పెరిగేకొద్దీ చలి పెరుగుతుందనే లెక్క శీతకాలపు రాత్రివేళ తప్పుతుంది. మబ్బు లేని, గాలి కదలని రాత్రి నేల వేగంగా వేడిని కోల్పోతుంది. నేలను ఆనుకున్న గాలి చల్లబడి, బరువెక్కి, వాలుల వెంట జారి లోయ అడుగున చేరుతుంది. కాబట్టి తెల్లవారుజామున శిఖరం మీదకంటే లోయలోనే ఎక్కువ వణుకు పుట్టవచ్చు. మన్యం చలి గురించి పత్రికల్లో తరచూ కనిపించే అంకెలు చింతపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలో నమోదైనవే. శిఖరాల మీద మనల్ని బాధించేది ప్రధానంగా ఈదురుగాలి.

దేవమాలి మీదికి, దాదాపు శిఖరం దాకా, వాహనాలు వెళ్ళే రోడ్డు ఉంది. గడ్డి పరచుకున్న ఆ బోడి శిఖరం నుంచి కనిపించే దృశ్యం విశాలమైనది; పెద్దవారితో, పిల్లలతో వెళ్ళేవారికి అదే అనువైనది. నడక కోసమే వెళ్ళేవారికి మాత్రం అక్కడ తృప్తి ఉండదు.

అర్మకొండ నిజంగా కాళ్ళకు పని చెప్పే కొండ. దారి తెలిసిన స్థానికుడికి తగిన కూలి ఇచ్చి వెంట తీసుకువెళ్ళకుండా ఎవరూ బయలుదేరకూడదు. మన్యం అడవుల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి కనుక బాగా వెలుతురు వచ్చాకే ఎక్కడం మొదలుపెట్టి, పొద్దు వాలకముందే దిగిపోవాలి.

చింతపల్లి లోయల్లో నడక తేలిక, చూడవలసినవి మాత్రం ఎక్కువ. సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల పాదులు పాకి ఉంటాయి. వాటి నీడన కాఫీ మొక్కల కణుపుల దగ్గర పచ్చివీ దోరవీ ఎర్రగా పండినవీ ఒకే గుత్తిలో కలిసి కనిపిస్తాయి, కోసేవారు పండినవాటినే వేళ్ళతో ఏరి బుట్టలో వేసుకుంటారు. పొగమంచు దట్టంగా పట్టిన ఉదయం ఆకుల కొసల నుంచి నీటిబొట్లు ఎండుటాకుల మీద టపటపా రాలుతుంటే చినుకులు పడుతున్నాయనే అనిపిస్తుంది. అది గిరిజన రైతుల జీవనాధారం కనుక తోటలోకి అడుగుపెట్టేముందు అడగడం, కాయ తెంపకపోవడం కనీస మర్యాద. కొంచెం ముందుగా, నవంబరు చివరలోనో డిసెంబరు మొదట్లోనో వెళితే వలిసె పూల పసుపు కూడా దక్కుతుంది.

చలీ, నిశ్శబ్దమూ రెండూ కావాలంటే నా ఓటు చింతపల్లికే. రెండు రోజులు వీలున్నవారు మొదటి రోజు లోయల్లో నడిచి చలికి అలవాటుపడి, రెండో రోజు అర్మకొండ ఎక్కడం మంచిది. శిఖరం మీది గాలికి ఉన్ని స్వెట్టరు ఒక్కటే చాలదు, దానిపైన గాలి చొరబడని కోటు ఉండాలి.