పిస్తా రంగు గోడలు: ఐదేళ్ల వాడకం తర్వాత

లేత పిస్తా రంగు ఇంటికి నప్పుతుందా అని అడిగేవాళ్లకు నా జవాబు ఇది: హాలుకు, తూర్పు గదికి ధైర్యంగా వేయించుకోండి. పడమటి గదికి, బయటి గోడకు మాత్రం వద్దు.

హన్మకొండలో మా పాత ఇంటికి ఈ రంగు వేయించింది 2020 చివర్లో. ఆ ఆగస్టులో వరంగల్‌ను ముంచెత్తిన వానలకు మా గోడలు బాగా తడి పీల్చాయి. చెమ్మ పూర్తిగా ఆరితేనే లప్పం పెడతానని పెయింటర్ పట్టుబట్టాడు. దాంతో దీపావళి దాటాకే పని మొదలైంది. అప్పట్లో విసుక్కున్నాం గానీ, 2023 జూలై వానలకు కూడా హాల్లో ఎక్కడా పొర లేవలేదంటే ఆ ఆగడం వల్లేనని నా నమ్మకం.

నేను చెప్పేది పసుపు ఛాయ ఉన్న లేత ఆకుపచ్చ గురించి. నీలం ఛాయ ఉన్న పుదీనా రంగు వేరు. విడివిడిగా చూస్తే రెండూ ఒకటేలా ఉంటాయి. తెల్ల కాగితం మీద రెండు రంగుల నమూనా చీటీలూ పక్కపక్కన పెడితే తేడా తెలిసిపోతుంది. కొన్ని షేడ్ కార్డుల్లో ఎల్‌ఆర్‌వీ అనే అంకె కూడా ఉంటుంది. రంగు ఎంత వెలుతురును తిరిగి గదిలోకి పంపుతుందో చెప్పే కొలత అది. నలుపుకు 0, తెలుపుకు 100. మేం 70కి దగ్గరలో ఉన్నది తీసుకున్నాం. మాకు మొదట నచ్చింది దానికన్నా కొంచెం ముదురు. పెయింటరే ఆపాడు. "కార్డుల చూసినదానికన్న గోడ మీద ఒక మెట్టు ముదురే కనవడ్తది అక్కా, ఒకటి తగ్గించుకో" అన్నాడు. అతను చెప్పింది నిజమే. నాలుగు గోడలకూ ఒకే రంగు పడ్డప్పుడు ఒక గోడ మీది వెలుతురు ఇంకో గోడ మీద పడి రంగు చిక్కబడుతుంది. చేతిలో పట్టుకున్న చీటీలో ఆ సంగతి తెలియదు.

ఇక అసలు సంగతి వెలుతురు. ఈ రంగు పొద్దున ఒక తీరు, రాత్రి ఇంకో తీరు. తూర్పు గదిలో పొద్దున్నే చూస్తే లేత ఎండకు గోడలు వెన్నలో ఆకురసం కలిపినట్టుంటాయి. మధ్యాహ్నానికి ఆ పసుపు తగ్గి నిదానమైన ఆకుపచ్చ మిగులుతుంది. పడమటి గదిలో మాత్రం ఎండాకాలం సాయంత్రం నాలుగు తర్వాత ఎర్రటి ఎండ నేరుగా పడి గోడలన్నీ ఆవపిండి రంగుకు తిరుగుతాయి. చూడ్డానికే ఉక్కపోస్తుంది. ఉత్తరం కిటికీ ఉన్న గదిలో ఆకుపచ్చ రంగులు చల్లగా, బూడిదగా కనిపిస్తాయని చలి దేశాలవాళ్లు రాస్తుంటారు. మనకది పూర్తిగా వర్తించదు. వరంగల్ సుమారు 18 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కాబట్టి మే మధ్య నుంచి జూలై ఆఖరు దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరం వైపే ఉంటాడు. చలికాలంలో బూడిదగా కనిపించే మా ఉత్తరపు గది ఎండాకాలంలో మళ్లీ తేరుకుంటుంది.

రాత్రి పూట దీని శత్రువు తెల్ల ట్యూబ్‌లైట్. మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది 6500 కెల్విన్ లైటు (కెల్విన్ అంకె తగ్గేకొద్దీ వెలుతురు పసుపు వైపు, పెరిగేకొద్దీ నీలి తెలుపు వైపు వెళ్తుంది). దాని కింద పసుపు ఛాయ చచ్చిపోయి, పాత ఆసుపత్రి గోడలు గుర్తొస్తాయి. అత్తమ్మ అయితే "దవాఖాన తీరుగున్నది" అని మొదటి రాత్రే తేల్చేసింది. 3000 కెల్విన్ బల్బులు పెట్టి చూస్తే మరీ పసుపెక్కింది. 4000 కెల్విన్ దగ్గర కుదిరింది. లైట్లు మార్చాక ఆమె మళ్లీ ఆ మాట అనలేదు. మెచ్చుకున్నదీ లేదనుకోండి. రంగు ఖరారు చేసేముందు రెండడుగుల అట్టముక్క మీద రెండు కోట్లు వేసి, ఏ గదికి వేయించాలనుకుంటే ఆ గదిలో పొద్దున, సాయంత్రం, మీ ఇంటి లైట్ల కిందే చూసుకోండి. షాపు లైట్ల కింద చూసి నిర్ణయించుకోవద్దు.

నేల సంగతి కూడా చూసుకోవాలి. మా హాల్లో పాత షాబాద్ బండలు. ఆ బూడిద రంగు మీద ఈ గోడలు నిమ్మళంగా ఉంటాయి. మెట్ల దగ్గర పరిచిన కరీంనగర్ టాన్ బ్రౌన్ గ్రానైట్‌లో ఎరుపు ఉండడంతో, ఆ పక్క గోడ అదే డబ్బాలోది అయినా ఎక్కువ ఆకుపచ్చగా కనిపిస్తుంది. టేకు తలుపులకు బాగా కలిసింది. సీలింగ్‌కు నీలి ఛాయ తెలుపు వేయిస్తే గోడలు మాసినట్టు కనిపిస్తాయి, ఐవరీ వైపు వెళ్లండి. బతుకమ్మ పండక్కి హాల్లో తంగేడు పూలు పోసినప్పుడు ఆ గోడల ముందు చూడాలి, అంత బాగుంటాయి.

మెయింటెనెన్స్ పెద్దగా లేదు. మామూలు దుమ్ము తెల్లగోడ మీద కన్నా తక్కువ కనిపిస్తుంది. చల్క నేల ఎర్రదుమ్ము మాత్రం గోడ కింది భాగంలో బాగా తెలుస్తుంది. స్విచ్‌బోర్డుల చుట్టూ చేతిమరకలు తప్పవు. మెరుపు లేని మ్యాట్ రంగు మీద గట్టిగా రుద్దితే మెరుపు మచ్చలు పడతాయి, కాబట్టి పిల్లలున్న ఇంట్లో కొంచెం మెరుపున్న, కడగడానికి వీలైన ఎమల్షన్ మేలు. వంటింట్లో పొయ్యి వెనక టైల్స్ తప్ప ఏ రంగూ నిలవదు, దీన్ని తప్పుపట్టను.

బయట బాల్కనీ పిట్టగోడకు ఇదే షేడ్ కోడ్‌తో ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ వేయించాం. రెండు మూడు ఎండాకాలాలకే పసుపు ఎగిరిపోయి నీలం కలిసిన తెలుపు మిగిలింది. ఇలాంటి లేత రంగుల్లో వాడే సేంద్రియ (కర్బన రసాయనాలతో చేసే) పసుపు పిగ్మెంట్లలో, అంటే రంగు పొడుల్లో, చాలావాటికి మన ఎండను తట్టుకునే శక్తి, పక్కనున్న ఆకుపచ్చ పిగ్మెంటుకు ఉన్నంత ఉండదు. బయటికి ఐరన్ ఆక్సైడ్‌తో కలిపే గోధుమ, ఇటుక ఛాయలే నయం.

మిగిలిన రంగు దాచుకోండి గానీ, గోడ మధ్యలో మచ్చకు టచప్ చేయించొద్దు, అతుకు తెలిసిపోతుంది. ఒక మూల నుంచి ఇంకో మూల దాకా ఆ గోడ మొత్తం వేయాల్సిందే. రెండు మూడు డబ్బాలు తెచ్చినప్పుడు అన్నీ ఒక పెద్ద బకెట్లో కలిపాకే మొదలుపెట్టమనండి. ఒకే కోడ్ అయినా డబ్బాకూ డబ్బాకూ ఛాయ కొద్దిగా మారొచ్చు. వచ్చే దసరాకు హాలుకు మళ్లీ ఇదే కోడ్ వేయిస్తున్నాం. పడమటి గదికి మాత్రం పసుపు ఛాయ లేని తెలుపు.