తప్పు తనది కాదని నా రౌటరే చూపించింది: ఐదేళ్ల వాడకం తర్వాత

స్పీడు ఎంత, యాంటెన్నాలు ఎన్ని అనేవి డబ్బా మీదే ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. నేను రాయాలనుకున్నది ఈ రౌటర్ లోపల ఉన్న ఒకే ఒక్క పేజీ గురించి. బ్రౌజర్‌లో 192.168.0.1 కొట్టి, పాస్‌వర్డ్ ఇచ్చి, అడ్వాన్స్‌డ్ అనే చోటికి వెళ్తే అన్నిటికంటే అడుగున ‘సిస్టమ్ లాగ్’ అని ఉంటుంది, రౌటర్ తను చేసిన ప్రతి పనినీ వరసగా రాసిపెట్టుకునే పేజీ అది. కొన్న మూడేళ్ల దాకా దాన్ని నేను తెరిచి కూడా చూడలేదు. ఇవాళ ఈ రౌటర్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే.

కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. ఈ పేజీ వేరే వేరే పేర్లతో చాలా రౌటర్లలో ఉంటుంది, మీ ఇంట్లో దానిలోనూ ఉండి ఉంటుంది.

నేను చీరాలలో ఉంటాను, కర్ణాటక సంగీతం నేర్పుతాను. 2020లో లాక్‌డౌన్‌తో క్లాసులన్నీ ఆన్‌లైన్‌కి మారాయి, ఆ ఆగస్టులోనే ఇది కొన్నాను. ఇప్పుడు నా దగ్గర నేర్చుకునేవాళ్లలో సగానికి పైగా అమెరికాలో ఉన్న మనవాళ్ల పిల్లలు. చలికాలంలో మాకు తెల్లవారి ఆరు గంటలంటే డాలస్‌లో ముందురోజు సాయంత్రం ఆరున్నర. పిల్లలు బడి నుంచి వచ్చి, ఏదో తిని, శ్రుతి పెట్టుకుని కూర్చునే వేళ అది. ఆ వేళకు నెట్ లేకపోతే ఆ క్లాసు ఇక ఆ రోజుకు లేనట్టే. వాళ్లకు పొద్దుపోతుంది, నేను ఎంత కావాలన్నా పది గంటలకు మార్చలేను.

కొన్న కొత్తలో దీన్ని తెగ మెచ్చుకుంటూ నలుగురికీ చెప్పాను. మేడ మీద గదిలో కూడా సిగ్నల్ నిండుగా వస్తోందన్నాను. ఆ మాట కొంత వెనక్కి తీసుకోవాలి, అది చివర్లో చెబుతాను.

2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. బాపట్ల మాకు పక్క ఊరే. కరెంటు పోయింది, చెట్ల కొమ్మలు విరిగి పడి మా వీధిలో ఫైబర్ వైరు స్తంభాల మధ్య తెగి వేలాడింది. కరెంటు 7వ తేదీ సాయంత్రం వచ్చింది. 8న పొద్దున్నే కుర్రాళ్లు నిచ్చెన వేసుకుని వచ్చి ఫైబర్ అతికించి వెళ్లారు. గోడకు ప్రొవైడర్, అంటే నెట్ ఇచ్చే కంపెనీ, బిగించిన చిన్న పెట్టెలో ఎర్రగా కొట్టుకుంటున్న ఎల్‌ఓఎస్ లైటు (ఫైబర్‌లో వెలుతురు అందడం లేదని చెప్పేది) ఆరిపోయింది, పీఓఎన్ లైటు (లైను కలిసిందని చెప్పేది) పచ్చగా నిలిచింది. హమ్మయ్య అనుకున్నాను. కానీ పక్కనే ఉన్న నా రౌటర్ మీద భూగోళం బొమ్మ నారింజ రంగులోనే ఉండిపోయింది. వై-ఫై ఉంది, ఫోన్‌లో గీతలన్నీ నిండుగా ఉన్నాయి, ఇంటర్నెట్ మాత్రం లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా వీధిలో మిగతా ఇళ్లలో ప్రొవైడర్ ఇచ్చిన పెట్టే వై-ఫై కూడా ఇస్తుంది. మా ఇంట్లో ఆ పెట్టెను బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే లైనును నా రౌటర్‌కి దాటించడం మాత్రమే చేసేలా, పెట్టించుకుని, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ నా రౌటర్‌లో వేసుకున్నాను. అంటే ప్రొవైడర్‌కి ఫోన్ కొట్టినట్టు కనెక్ట్ అయ్యేది నా రౌటరే. పక్కింటివాళ్లకు ఆ మధ్యాహ్నానికే నెట్ వచ్చేసింది. నాకు రాలేదు. దాంతో అందరి వేలూ నా రౌటర్ వైపే చూపించింది.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే రీస్టార్ట్ చేయమన్నారు. చేశాను. మళ్లీ చేస్తే, వెనకాల చిన్న రంధ్రంలో పిన్ను పెట్టి పది సెకన్లు నొక్కమన్నారు. అదీ చేశాను. దయచేసి మీరు ఇది చేయకండి, కనీసం మీ కనెక్షన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ చేతిలో లేకుండా చేయకండి. రీసెట్‌తో రౌటర్‌లో నేను పెట్టుకున్నవన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. అదృష్టం బాగుండి, మూడేళ్ల కిందట కనెక్షన్ ఇచ్చినప్పుడు ఆ అబ్బాయి చెప్పినవి నా కృతుల నోటుపుస్తకం చివరి అట్ట లోపల పెన్సిల్‌తో రాసుకున్నాను. వెతికి మళ్లీ వేశాను. నారింజ లైటు నారింజ లైటే.

9వ తేదీ సాయంత్రం టెక్నీషియన్ వచ్చాడు. పాపం, మూడు రోజులుగా వానలో స్తంభాలెక్కుతున్నాడు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. మీటరు పెట్టి చూసి, “లైను బాగానే ఉందమ్మా, మైనస్ ఇరవై ఒకటి వస్తోంది. మీ రౌటరే పోయింది. తుపానుకి కరెంటు అటూ ఇటూ అయ్యింది కదా” అన్నాడు. ఫైబర్‌లో వచ్చే వెలుతురు బలానికి లెక్క అది, ఆ మైనస్ ఇరవై ఒకటి అబద్ధం కాదు. మైనస్ ఇరవై ఏడు దాకా కూడా ఈ పెట్టెలు పనిచేస్తాయి. వెలుతురు ఇంటిదాకా వస్తోంది, అది నిజమే. కొత్త రౌటర్ తీసుకోండి, రేపు తెచ్చి పెడతాను అని వెళ్లిపోయాడు.

డబ్బు గురించి కాదు నా బాధ. ఎందుకు పోయిందో తెలియకుండా కొత్తది కొంటే, అదీ ఇలాగే కూర్చుంటే? అప్పటికే నాలుగు రోజుల క్లాసులు పోయాయి. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి చూస్తే తుపాను తర్వాత టవర్ సిగ్నలే సరిగ్గా లేదు, పిల్ల సరళీ వరుస పాడుతుంటే రి, గ రెండూ మింగుడుపడిపోయి నేరుగా మ వినపడింది. ఆ పిల్ల తల్లి, “పర్లేదు మేడమ్, వచ్చే వారం చూద్దాం” అంది. ఆ పర్లేదు అనే మాట వింటే నాకు ఇంకా టెన్షన్ పెరిగింది.

ఆ రాత్రి హైదరాబాద్‌లో ఉన్న మా మేనల్లుడికి ఫోన్ చేశాను. వాడు నెట్‌వర్కింగ్ పనిలోనే ఉన్నాడు. మొదటి మాటే, “అత్తయ్యా, ముందు దాన్ని ఆపడం మానేయ్. ఆపితే లాగ్ పోతుంది” అన్నాడు. అదేమిటో నాకు అప్పటిదాకా తెలియదు. వాడు చెప్పినట్టు పేజీ తెరిచి, ఫోటో తీసి పంపాను.

ఆ పేజీ చూడగానే నా గుండె జారింది. ప్రతి లైను మొదట్లో తేదీ 1970 జనవరి 1 అని ఉంది. టెక్నీషియన్ చెప్పింది నిజమే, దీని బుర్ర చెడిపోయింది అనుకున్నాను. మావాడు అదేం కాదన్నాడు. రౌటర్‌లో గడియారం నడిపే బ్యాటరీ ఉండదట, ఆన్ అయిన ప్రతిసారీ ఇంటర్నెట్ నుంచే టైమ్ తెచ్చుకుంటుందట. నెట్ అందనంత సేపూ దానికి లెక్క 1970 నుంచే మొదలవుతుంది. అంటే ఆ తేదీ చెడిపోయిన గుర్తు కాదు, ఆన్ చేసినప్పటి నుంచి ఒక్కసారి కూడా బయటి ప్రపంచం దానికి అందలేదనే గుర్తు.

ఆ తేదీల పక్కన అసలు సంగతి ఉంది. ‘పీఏడీఐ పంపాను’ అని ఒక లైను, కొన్ని సెకన్లాగి మళ్లీ అదే, మళ్లీ అదే, ఆ తర్వాత ‘పీఏడీఓ కోసం చూసి చూసి ఆపేశాను’ అని ఒక లైను. పేజీ పొడుగునా ఇదే. మావాడు వీటిని ప్యాడీ, ప్యాడో అంటాడు. యూజర్‌నేమ్‌తో కనెక్ట్ అయ్యే ఈ పద్ధతిని పీపీపీఓఈ అంటారు, 1999 నుంచీ ఉన్నది. ముందు మన రౌటర్ “అవతల ఎవరైనా ఉన్నారా?” అని కేకేస్తుంది, అది ప్యాడీ. ప్రొవైడర్ వైపు మిషను “నేనున్నాను” అని పలకాలి, అది ప్యాడో. ఆ తర్వాత ఇంకో రెండు మాటలు అయ్యాక సెషన్ నంబరు ఇస్తారు. పాస్‌వర్డ్ అడిగేది అప్పుడు. ఇంటర్నెట్ అడ్రసు ఇచ్చేది ఇంకా ఆ తర్వాత.

“మన కేకకు పలికేవాడే లేడు అత్తయ్యా. పాస్‌వర్డ్ దాకా వ్యవహారం వెళ్లనే లేదు. నీ రౌటర్ తన పని తను చేస్తోంది” అన్నాడు.

నాకు ఇది ఎంత ధైర్యమిచ్చిందో చెప్పలేను. ఇన్ని రోజులుగా అందరూ వేలెత్తి చూపించిన వస్తువు, నిమిషానికి ఇన్నిసార్లు చొప్పున విసుగు లేకుండా పిలుస్తూనే ఉంది. పిలిచిన ప్రతిసారీ రాసి పెట్టుకుంది కూడా.

అయినా అనుమానం లేకుండా ఉండాలని మావాడు ఇంకో పరీక్ష చెప్పాడు. రౌటర్‌ని పక్కన పెట్టి, ప్రొవైడర్ పెట్టె నుంచి వచ్చే కేబుల్‌ని నేరుగా లాప్‌టాప్‌కి పెట్టి, విండోస్‌లో కొత్త బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ పెట్టి అదే యూజర్‌నేమ్‌తో డయల్ చేయమన్నాడు. 691 ఎర్రర్ వస్తే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ గొడవ, 651 వస్తే అవతల నుంచి జవాబే లేదని చెప్పాడు. చేశాను. 651. రౌటర్ లేకుండానే అదే జబ్బు.

మర్నాడు ఆ టెక్నీషియన్ నిజంగానే కొత్త డబ్బా పట్టుకుని వచ్చాడు. నేను వాదించలేదు. లాప్‌టాప్‌లో 651, ఫోన్‌లో లాగ్ ఫోటో, రెండూ చూపించాను. అతను డబ్బా కింద పెట్టి ఫోటోను పెద్దది చేసుకుని చదివాడు. “ప్యాడో రావట్లేదా...” అని తనలో తనే అనుకుని, బయటికెళ్లి వాళ్ల ఆఫీసుకు ఫోన్ చేశాడు. గుమ్మం దగ్గర నుంచి నాకు ఒకవైపు మాటలే వినిపిస్తున్నాయి: “రౌటర్ కాదన్నా. లాప్‌టాప్‌కి కూడా రావట్లేదు. పోర్టు చూడు... వీలాన్ చూడు...”

అక్కడ దొరికింది. తుపానులో పాడైన లైన్ల బదులు మా వీధి ఫైబర్‌ని ఆఫీసులో వేరే పోర్టుకు మార్చారు. వాళ్ల పెట్టె వై-ఫై వాడుకునే ఇళ్లన్నిటికీ కొత్త వీలాన్ నంబరు (ఒకే వైరులో ఎవరి మాటలు ఏ దారిన వెళ్లాలో చెప్పే నంబరు) వేశారు. బ్రిడ్జ్ మోడ్‌లో ఉన్నది నా ఒక్కదాని పెట్టే, దానికి పాత నంబరే ఉండిపోయింది. అందుకే వెలుతురు వచ్చింది, మాట మాత్రం అవతలికి చేరలేదు. నంబరు మార్చడానికి అట్టే సేపు పట్టలేదు.

లాగ్ పేజీ రిఫ్రెష్ చేస్తూ కూర్చున్నాను. ప్యాడీ. ప్యాడో! వచ్చింది. సెషన్ నంబరు కూడా వచ్చింది. వెంటనే ఇంకో లైను: ‘అథెంటికేషన్ ఫెయిల్డ్’. నెట్ ఇంకా రాలేదు, అయినా నాకు పట్టరాని సంతోషం. అవతల మనిషి పలికాడు, కాదన్నాడు, అంతే. ఇక మిగిలింది పాస్‌వర్డే. నోటుపుస్తకం అట్ట మీద పెన్సిల్ రాత చెరిగి సున్నా, ఇంగ్లీషు ఓ ఒకేలా ఉన్నాయి. రీసెట్ తర్వాత నేను ఓ అని వేశాను. సున్నా వేయగానే భూగోళం బొమ్మ పచ్చబడింది, లాగ్‌లో తేదీ 1970 నుంచి ఒక్క గెంతులో 2023 డిసెంబర్ 10కి వచ్చింది. ఆ అబ్బాయి కొత్త డబ్బాను తనే సంచిలో పెట్టుకుని, కాఫీ తాగి వెళ్లాడు.

ఆ తర్వాత రెండుసార్లు ఈ పేజీ పనికొచ్చింది. 2024 ఎండాకాలంలో నెట్ పోయి వస్తుంటే ‘వాన్ లింక్ డౌన్’ అని కనిపించింది, అంటే ప్రొవైడర్ దాకా వెళ్లనక్కర్లేదు, రెండు పెట్టెల మధ్య ఉన్న కేబులే వదులైందని అర్థం. క్లిప్పు విరిగింది, కొత్త ముక్క వేశాను. ఇంకోసారి గంటకోసారి లాగ్ మళ్లీ 1970తో మొదలవుతుంటే రౌటరే ఆగి లేస్తోందని తెలిసింది. అడాప్టర్ పోతోంది. అదే 12 వోల్టులది, కింద ఎన్ని ఆంపియర్లని రాసుందో చూసి కొత్తది తెచ్చాను.

ఇంత మెచ్చుకున్నాను కదా, లోపాలూ చెప్పాలి. లాగ్ అంతా తాత్కాలిక మెమరీలోనే ఉంటుంది, ఆపగానే పోతుంది. కరెంటు పోయి వచ్చిందంటే అంతకుముందు ఏం జరిగిందో ఇక తెలియదు. కంపెనీవాళ్ల మొబైల్ యాప్‌లో ఈ పేజీ లేనే లేదు, బ్రౌజర్‌లోకి వెళ్లాల్సిందే. రాతలన్నీ ఇంగ్లీషు పొట్టి అక్షరాలు, నాకు మేనల్లుడు ఉన్నాడు కాబట్టి అర్థమైంది. ఇప్పుడు నా అలవాటేమిటంటే, రీస్టార్ట్ చేసే ముందు ఆ పేజీ ఫోటో తీస్తాను, యూజర్‌నేమ్ పాస్‌వర్డ్ పేజీ ఫోటో కూడా ఫోన్‌లో దాచాను. కరెంటు వచ్చాక ముందు ప్రొవైడర్ పెట్టె వేసి, పీఓఎన్ లైటు నిలిచాకే రౌటర్ వేస్తాను.

మేడ మీది గది సంగతి. సిగ్నల్ నిండుగా వస్తుందని 2020లో అన్నాను. గీతలు నిండుగానే కనిపిస్తాయి, పాఠానికి అది చాలదని నెమ్మదిగా తెలిసింది. మధ్యలో ఒక్క స్వరం తెగినా పిల్ల ఎక్కడ తప్పిందో నాకు తెలియదు. రెండేళ్లుగా కింద నుంచి పైకి లాన్ కేబుల్ లాగి దానితోనే క్లాసులు చెబుతున్నాను.

ప్రొవైడర్ ఇచ్చిన పెట్టెతోనే సరిపెట్టుకునేవాళ్లకు, నెట్ ఒక పూట లేకపోయినా పర్వాలేదనుకునేవాళ్లకు వేరే రౌటర్ అవసరమే లేకపోవచ్చు. నిజానికి బ్రిడ్జ్ మోడ్ పెట్టుకోకపోతే ఆ డిసెంబర్‌లో నాకూ పక్కింటివాళ్లతో పాటే నెట్ వచ్చేది. కానీ పొద్దున ఆరింటికి ఎవరో నా కోసం కూర్చుని ఉంటారు, తప్పు ఎక్కడుందో నాకు ఆ రాత్రే తెలియాలి. అందుకని ఇది పోయినా ఇలా లాగ్ చూపించేదే కొంటాను. మేడ మీదకి వై-ఫై కోసమైతే మాత్రం దీన్ని కొనమని ఎవరికీ చెప్పను.