కొమ్ములు కోసే "సెట్" కొంటున్నారా? ముందు ఇది చదవండి

పొట్టేళ్లు పెంచేవాళ్లు కాస్త ఆగి చదవండి. ఆన్‌లైన్‌లో ఈమధ్య "కొమ్ములు కోసే సెట్" అని ఒకటి అమ్ముతున్నారు. పెట్టెలో ఒక తీగ రంపం, దానికి రెండు పిడులు, ఒక పెద్ద కత్తెర, ఒక జత గ్లౌజులు ఉంటాయి. ధర 1,200 రూపాయలకు కాస్త అటూ ఇటూ. మేం కొన్నాం. డబ్బు పోతే పోయింది, మంచి పొట్టేలు కొమ్ము నిలువునా చీలింది.

మాది నెల్లూరు జోడిపి గొర్రెల మంద. ఈ జాతిలో ఆడవాటికి కొమ్ములుండవు, పొట్టేళ్లకే ఉంటాయి. కొన్నిటికి కొమ్ము మెలి తిరిగి, మొన వచ్చి దవడకు ఆనుతుంది. అలాగే వదిలేస్తే తోలులోకి దిగి పుండు పడుతుంది, ఈగలు వాలి పురుగు పడుతుంది, మేత నమల్లేక జీవం చిక్కిపోతుంది. దీనికి కొమ్మంతా తీసేయక్కర్లేదు. మొన దగ్గర కాస్త కోసి, దవడకూ కొమ్ముకూ మధ్య రెండు వేళ్లు దూరేంత సందు చేస్తే చాలు. ఆ కాస్త పనికే ఈ సెట్ తెప్పించాం.

ముందు తీగ సంగతి. మాకు తీగ రంపం కొత్త కాదు. కడుపులో చచ్చిన దూడను ముక్కలు చేసి బయటికి తీయడానికి పశువుల డాక్టర్లు ఒక తీగ వాడతారు, కొమ్ములకూ అదే వాడతారు. చాలా పోగులు పేని ఉంటుంది, వేలితో తడిమితే గరుకు తెలుస్తుంది. ఈ సెట్‌లో వచ్చింది సైకిల్ బ్రేకు వైరులోంచి ఒక పోగు లాగి ఇచ్చినట్టుంది. లాగడం మొదలుపెట్టిన కాసేపటికే వేడెక్కి నీలంగా మారి టప్పున తెగింది. తెగిన కొస మా బావమరిది ముంజేతిని గీసుకుంటూ పోయింది. గ్లౌజులైతే ఇచ్చారు గానీ కళ్లద్దాలు ఇవ్వలేదు. ఆ కొస ఇంకో జానెడు పైకి లేస్తే కన్నే పోయేది.

మంచి తీగైనా పొట్టి పొట్టిగా లాగితే ఒక్కచోటే వేడెక్కి తెగుతుంది. పొడవంతా వాడుతూ, చేతులు బారుగా చాపి లాగాలి. మేం అలాగే లాగాం, అందుకే తప్పు తీగదేనని గట్టిగా చెబుతున్నా.

ఇక కత్తెర. దాని మీద కొమ్ములకూ గిట్టలకూ పనికొస్తుందని రాశారు. నిజానికి అది గిట్టలు కత్తిరించేదే. గిట్ట మెత్తన, ఎదిగిన పొట్టేలు కొమ్ము గట్టిది. పైగా మధ్యలో బోల్టు వదులు, రెండు అంచులూ సరిగా కలవవు. నొక్కితే తెగాల్సిన కొమ్ము నలిగి, చీలిక పైకి పాకి నెత్తురొచ్చింది. కొమ్ము పైపెంకు మన గోరులాంటి పదార్థమే, దానికి నొప్పి తెలియదు. కానీ లోపల ఎముక ఉంటుంది, అందులో రక్తనాళాలు, నరాలు ఉంటాయి. మొన వైపు కొంత భాగమే గట్టి పెంకు. అరచేత్తో పట్టుకుని మొన నుంచి కిందికి జరిపితే, ఒకచోట వెచ్చగా తగలడం మొదలవుతుంది. అక్కడిదాకా రక్తం ఉన్నట్టే, ఇక అటు పోకూడదు. మొదలు దగ్గర కోస్తే ఇంకా ప్రమాదం. ఎదిగిన పొట్టేలుకు అక్కడి బోలు తలలోని గాలి గదులకు కలిసి ఉంటుంది. అది తెరుచుకుంటే చీము పడుతుంది.

1962కు ఫోన్ చేస్తే సంచార వైద్యం బండి వచ్చింది. డాక్టరు గాయం కడిగి, చీలిన పెంకు సరిచేసి, ధనుర్వాతం ఇంజెక్షన్ వేసి, ఈగలు వాలకుండా మందు కొట్టాడు. చలికాలం కాబట్టి సరిపోయింది. అదే వానాకాలమైతే పురుగు నుంచి కాపాడుకోవడం మామూలు టెన్షన్ కాదు. ఇంకో నష్టమూ ఉంది. బక్రీద్‌కు కొనేవాళ్లు ముందు కొమ్ములు పట్టి చూస్తారు, మొదలంటా విరిగిందాన్ని తీసుకోరు. చీలికున్నదానికి బేరం ఎలా తగ్గిస్తారో మీకు తెలుసు.

వెనక్కి పంపుతామంటే "వాడిన వస్తువు తీసుకోం" అన్నారు. వాడకుండా తీగ తెగుతుందని ఎలా తెలుస్తుంది? పెట్టె మీద తయారు చేసినవాడి పేరు లేదు, దిగుమతి చేసుకున్నవాడి చిరునామా లేదు. ప్యాక్ చేసి అమ్మే సరుకు మీద ఇవన్నీ, ఎమ్మార్పీతో సహా ఉండాలని 2011 నాటి లీగల్ మెట్రాలజీ (తూనికలు, కొలతల) నిబంధనలు చెబుతున్నాయి. అదే పాయింటు పెట్టి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాం. తేలకపోతే 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మన జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, అమ్మినవాడి ఊరికి పోనక్కర్లేదు.

కొనాలనుకుంటే సెట్ జోలికి పోకండి. పశువుల మందుల షాపులో డాక్టర్లు వాడే తీగే అడగండి, చుట్టగా దొరుకుతుంది. పిడులు వేరుగా కొనుక్కోండి, తీగ తెగినా అవి మిగులుతాయి. మొన మాత్రమే తీయాలంటే సన్నపళ్ల హాక్సా బ్లేడు చాలు, కాస్త ఆలస్యమైనా చేతిలో అదుపుంటుంది. తల కదలకుండా ఒకరు పట్టుకోవాలి, కోసేవాళ్లు కళ్లద్దాలు పెట్టుకోవాలి. గ్రైండరుతో కోసే వీడియోలు తిరుగుతున్నాయి, వాటిని చూసి దిగకండి. పొట్టేలు ఒక్కసారి తల విదిలిస్తే డిస్కు ఎక్కడ తగులుతుందో చెప్పలేం. కొమ్ము ఇప్పటికే దవడలోకి దిగి ఉంటే ఇంట్లో ముట్టుకోవద్దు, డాక్టరునే పిలవండి.

రివ్యూల్లో స్టార్లు చూసి మోసపోవద్దు. మేం కొన్నదాని కింద సగం రివ్యూలు చెట్ల కొమ్మలు కత్తిరించే కత్తెర గురించి ఉన్నాయి. పాత సరుకు పేజీలోనే కొత్త సరుకు పెట్టి అమ్ముతున్నారన్నమాట. ఇప్పుడు అదే ఫొటోను పేరు మార్చి, ధర తగ్గించి మళ్లీ పెట్టారు. ఎర్ర పిడులు, పచ్చ పెట్టె, పక్కన ఉన్ని దట్టంగా ఉన్న విదేశీ పొట్టేలు కనబడితే అది ఇదే.